నీళ్ళు కారే పొడి కళ్ళు: జాకెట్లు కుట్టే ఒకావిడ కేసు

“ధారగా నీళ్ళు కారుతుంటే పొడి కళ్ళంటారేంటి డాక్టర్ గారూ?” అని మొహం మీదే అడిగేసింది ఆవిడ. పక్కనున్న కూతురు “అమ్మా, ఊరుకో” అని మోచేత్తో పొడిచింది గానీ ప్రశ్నలో తప్పేమీ లేదు. పీజీలో చేరిన కొత్తలో నాకూ ఇదే అనుమానం ఉండేది, అడిగే ధైర్యం లేక ఊరుకున్నాను.

ఈ కేసు రాస్తానని చెప్పి ఆవిడ అనుమతి తీసుకున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. నా పొరపాట్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను, రెండున్నాయి, అసలు రాస్తున్నదే వాటి కోసం.

వయసు 49. గుంటూరు పక్కన ఒక పల్లె. ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది, పెళ్ళిళ్ళ సీజన్లో రోజుకి తొమ్మిది పది గంటలు మిషను ముందే, ఎదురుగా టేబుల్ ఫ్యాను. రెండేళ్ళుగా కళ్ళలో ఇసుక పోసినట్టు గరగర, మంట, సాయంత్రానికి ఎరుపు. సూదిలో దారం ఎక్కించబోతే చూపు మసకబారుతుంది, రెండుసార్లు రెప్ప కొడితే మళ్ళీ తేటపడుతుంది. స్కూటర్ మీద వెనక కూర్చుంటే చాలు, ఇక నీళ్ళే నీళ్ళు. నా దగ్గరికొచ్చేసరికి ఒక డాక్టరు ఎలర్జీ అన్నారు, ఇంకొకరు కళ్ళజోడు మార్చారు, ఆ తర్వాత వైద్యమంతా మెడికల్ షాపులోనే జరిగింది. అక్కడిచ్చిన ఎరుపు తగ్గించే చుక్కలు ఏడాదిగా రోజుకి ఎనిమిదిసార్లు, ఒక్కోరోజు పదిసార్లు వేసుకుంటోంది. మధ్యలో ఒకసారి స్టెరాయిడ్ చుక్కలు కూడా ఇచ్చారట. “అవి వేసుకున్న పది రోజులూ ప్రాణానికి హాయిగా ఉంది, ఆపేశాక వారం తిరక్కుండా మళ్ళీ మొదలు” అంది.

ఈ మాట నేను ఆ రోజే గట్టిగా పట్టుకోవాల్సింది. స్టెరాయిడ్ కన్నీళ్ళు పుట్టించే మందు కాదు, ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు, మంట) తగ్గించే మందు. దాంతో హాయి వచ్చిందంటే లోపల నడుస్తున్నదేమిటో పేషెంటే చెప్పేసినట్టు. నేను షీటులో రాసుకున్నాను, అంతే.

పరీక్షలో కనిపించినవి: చూపు రెండు కళ్ళలోనూ 6/9, రెప్ప కొట్టిన వెంటనే చదివిస్తే 6/6, అంటే మామూలు చూపు. స్టెరాయిడ్ వాడిన చరిత్ర ఉంది కాబట్టి ముందు కంటి ప్రెషర్ చూశాను, 16, 17, ఫర్వాలేదు. ఫ్లోరసీన్ రంగు వేసి రెప్ప కొట్టకుండా ఉండమంటే కన్నీటి పొర కుడి కన్నులో 3 సెకన్లకే, ఎడమ కన్నులో 4 సెకన్లకే పగిలిపోయింది, కనీసం 10 సెకన్లన్నా నిలవాలి. షిర్మర్ పరీక్ష, అంటే కింది రెప్పలో కాగితం పట్టీ పెట్టి 5 నిమిషాల్లో ఎంత తడిసిందో చూడటం, కుడికి 9 మిల్లీమీటర్లు, ఎడమకి 8. ఇది అంత మంచి అంకె కాదు, అలాగని 5 కంటే తక్కువా కాదు, మధ్యలో ఉంది. నల్లగుడ్డు కింది భాగంలో రంగు చుక్కలు చుక్కలుగా పట్టుకుంది. దెబ్బతిన్న చోట పట్టే లిసమీన్ గ్రీన్ అనే ఇంకో రంగు వేస్తే తెల్లగుడ్డు రెండు పక్కలా ఆకుపచ్చ. రెప్పల అంచున నూనె గ్రంథుల్ని నొక్కితే నూనెకి బదులు టూత్‌పేస్టులాంటిది వచ్చింది.

ఇప్పుడు ఆవిడ ప్రశ్న. కంటి మీద ఉండే కన్నీటి పొర మందం సుమారు 3 మైక్రాన్లు, తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు ఉంటుందేమో. పైన పల్చటి నూనె, దాని కింద నీరు, ఆ నీటిలోనే కలిసిపోయి కంటికి అతుక్కుని ఉండే మ్యూసిన్ అనే జిగురు. నూనె రెప్పల్లోని మీబోమియన్ గ్రంథుల నుంచి, నీరు కన్నీటి గ్రంథి నుంచి, జిగురు తెల్లగుడ్డు మీది పొరలో ఉండే గాబ్లెట్ కణాల నుంచి వస్తాయి. నూనె చెడితే నీరు త్వరగా ఆవిరైపోతుంది, మిగిలిన దానిలో ఉప్పు చిక్కబడుతుంది. చినగంజాం వైపు ఉప్పు మడులు చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఆ ఉప్పదనం నల్లగుడ్డు నరాలకి తగిలి, మెదడు కంగారుపడి, కన్నీటి గ్రంథికి ‘వదులు’ అని ఆర్డరేస్తుంది. అలా ఒక్కసారిగా వచ్చి పడే నీటికి సరిపడా నూనె ఉండదు, జిగురు ఉండదు, నిలవదు, చెంప మీదకి జారిపోతుంది. గట్టు తెగిన చెరువుకి వరదొచ్చినట్టు. నీళ్ళు కారడం, కన్ను ఎండడం ఒకేసారి జరుగుతాయి. చెప్పాక ఆవిడ “అయితే నీళ్ళుండీ లేనట్టే” అంది. అంతే.

మొదటిరోజు చేసింది మామూలు పనే. ఎరుపు చుక్కలు ఆపించాను. అవి రక్తనాళాల్ని కుదించి తెల్లగా కనబడేలా చేస్తాయి, ప్రభావం తగ్గగానే ఇంకా ఎర్రబడతాయి. పైగా చాలా సీసాల్లో నిల్వ కోసం కలిపే బెంజాల్కోనియం క్లోరైడ్ ఒకరకం డిటర్జెంటు. అది నూనె పొరని చెదరగొడుతుంది, గాబ్లెట్ కణాల్ని చంపుతుంది, రోజుకి పదిసార్లంటే చెప్పేదేముంది. దాని బదులు ప్రిజర్వేటివ్ లేని కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ చుక్కలు (కన్నీటికి బదులు వేసేవి), రెప్పలకి రోజూ వేడి కాపడం, ఫ్యాను మొహానికి ఎదురుగా లేకుండా పక్కకి. నెలకి కొంచెం నయం అంది. కొంచెమే. పెళ్ళి జాకెట్లు ఒప్పుకున్నాను, త్వరగా తగ్గేదేమన్నా చెయ్యండి అంది.

ఇక్కడ నా మొదటి పొరపాటు. కింది రెప్పల్లోని కన్నీటి రంధ్రాలకి సిలికాన్ ప్లగ్‌లు పెట్టాను. లెక్క ఏమిటంటే, ఉన్న నీరు ముక్కులోకి పోకుండా బిరడా వేస్తే ఎక్కువసేపు కంటి మీద ఉంటుంది కదా అని. రెండు నిమిషాల పని, పేషెంటుకి కూడా ఏదో జరిగిందని తృప్తి. పన్నెండో రోజు వచ్చింది, కళ్ళు మిరపకాయల్లా ఉన్నాయి. మంట ఎక్కువైంది, పొద్దున లేచేసరికి పుసులు, రంగు చుక్కలు నల్లగుడ్డు మధ్యదాకా పాకాయి. ప్లగ్‌లు తీసేశాను. రెండు రోజుల్లో మళ్ళీ పాత స్థితికొచ్చింది.

ఎందుకలా అయింది? కన్నీటిని నేను ఉత్త నీరనుకుని లెక్కేశాను. ఆవిడ కంట్లో అప్పుడున్నది ఉత్త ఉప్పు నీరు కూడా కాదు, ఇన్‌ఫ్లమేషన్ రసాయనాలు కలిసిన నీరు. దాన్ని బయటికి పోనివ్వకుండా బిరడా బిగించి కంటిని అందులోనే నానబెట్టాను. ప్లగ్‌లు చెడ్డవని అనట్లేదు, మంట అదుపులోకి వచ్చాక చాలామందికి బాగా పనిచేస్తాయి. వరస తప్పింది నాకే.

ఇక అసలు విషయం, ఇమ్యూనిటీ. ఇది కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

కంటి ఉపరితలం రోజంతా దుమ్ముకీ పుప్పొడికీ సూక్ష్మజీవులకీ ఎదురుగా తెరిచి ఉంటుంది. కనబడ్డ ప్రతిదాని మీదా రోగనిరోధక వ్యవస్థ కత్తి దూస్తే నల్లగుడ్డు వారంలో మసకబారిపోతుంది. అందుకని అక్కడ పద్ధతి వేరు: వీలైనంతవరకు ఓర్చుకోవడం. ఈ ఓర్పుని నిలబెట్టే సరంజామాలో చాలా భాగం కన్నీటి పొరలోనే ఉంది. లైసోజైమ్, లాక్టోఫెర్రిన్, ఐజీఏ యాంటీబాడీలు సూక్ష్మజీవుల్ని గొడవ లేకుండా అణచిపెడతాయి. గాబ్లెట్ కణాలు జిగురు చెయ్యడంతో ఊరుకోవు, టీజీఎఫ్-బీటా లాంటి శాంతి సంకేతాలు కూడా పంపుతాయి, దాంతో కాపలా కాసే డెండ్రిటిక్ కణాలు ‘ఇది మనదే, వదిలెయ్’ అన్న ధోరణిలో ఉంటాయి. వాటి వెనక రెగ్యులేటరీ టి కణాలు, అంటే తోటి టి కణాలు (దాడి నడిపే ఒకరకం తెల్ల రక్తకణాలు) రెచ్చిపోకుండా చూసేవి. ఆరోగ్యంగా ఉన్న కంట్లో ఇదంతా మనకి తెలియకుండా నడిచిపోతుంది.

ఇప్పుడు ఆవిడ కన్నీటి పొర 3 సెకన్లకే పగులుతోంది. కుట్టుపని మీద చూపు నిలిపినవాళ్ళు రెప్ప కొట్టడం బాగా తగ్గిస్తారు, ఫోనూ కంప్యూటరూ చూసేవాళ్ళలాగే. రెప్ప పది సెకన్లకోసారి పడిందనుకోండి, ప్రతిసారీ ఏడు సెకన్లు నల్లగుడ్డు మీద అక్కడక్కడా ఎండిన మచ్చలు. రోజుకి పది గంటలు. ఆ మచ్చల దగ్గర ఉప్పు చిక్కబడి, పైపొర కణాల్లోంచి నీరు లాగేస్తుంది. కణం కుంచించుకుపోతూ అలారం మోగిస్తుంది: లోపల ఎన్ఎఫ్-కప్పాబీ, మ్యాప్ కైనేజ్ అనే దారులు తెరుచుకుంటాయి, ఇంటర్‌ల్యూకిన్-1, టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఎంఎంపీ-9 అనే మంట రేపే రసాయనాలు బయటికొస్తాయి. ఈ ఎంఎంపీ-9 ఒక కత్తెర లాంటి ఎంజైము, పైపొర కణాల మధ్య కుట్లు తెంపుతుంది. ఆవిడతో ఇదే మాట అన్నాను, “మీరు వేసిన కుట్లు ఎవరో వెనకనుంచి విప్పుకుంటూ వస్తున్నట్టు” అని. వెంటనే అర్థమైంది. ఫ్లోరసీన్ చుక్కలుగా పట్టుకున్నది ఆ ఊడిన కుట్ల దగ్గరే.

ఇంతవరకు జరిగింది స్థానిక గొడవ. కథ ఇక్కడితో ఆగితే నీటి చుక్కలతో సరిపోయేది. కానీ రెచ్చిపోయిన డెండ్రిటిక్ కణాలు మెడ దగ్గరి లింఫు గ్రంథులకి వెళ్ళి, అక్కడ టి కణాలకి ‘ఇదిగో శత్రువు’ అని చూపిస్తాయి. ఆ టి కణాలు టీహెచ్1, టీహెచ్17 రకాలుగా తయారై కంటికి తిరిగొస్తాయి. టీహెచ్1 వదిలే ఇంటర్‌ఫెరాన్-గామా గాబ్లెట్ కణాల్ని చంపుతుంది. టీహెచ్17 వదిలే ఐఎల్-17 (ఇంటర్‌ల్యూకిన్-17) మళ్ళీ ఆ కత్తెర ఎంజైముల్నే పెంచుతుంది. గాబ్లెట్ కణాలు పోతే జిగురూ తగ్గుతుంది, శాంతి సంకేతమూ తగ్గుతుంది. జిగురు తగ్గితే పొర ఇంకా త్వరగా పగులుతుంది. మళ్ళీ మొదటికి.

ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఒకటి నాకు ఎప్పుడూ గుర్తుండిపోయింది. పొడి గాలిలో ఉంచి కళ్ళు ఎండబెట్టిన ఎలుకల నుంచి సీడీ4 అనే రకం టి కణాలు తీసి, టి కణాలే లేని ఎలుకలకి ఎక్కించారు. ఆ రెండో ఎలుకల్ని పొడి గాలిలో పెట్టలేదు, వాటి కన్నీళ్ళ జోలికే పోలేదు. అయినా వాటి కన్నీటి గ్రంథులూ కంటి పైపొరా దెబ్బతిన్నాయి. అంటే ఎండిన కన్ను తన బాధని టి కణాలకి నేర్పింది, అవి ఆ పాఠాన్ని ఇంకో ఒంట్లోకి కూడా మోసుకుపోయాయి. ఇంకో ప్రయోగంలో తేలినదేమిటంటే, రెగ్యులేటరీ టి కణాల సంఖ్య పెద్దగా తగ్గదు, ఉన్నవాటి మాట టీహెచ్17 కణాలు వినవు. పోలీసులు ఉన్నారు, లాఠీలూ ఉన్నాయి, జనం మాత్రం చెదరట్లేదు.

ఇదంతా చదివి కూడా ప్లగ్ పెట్టానంటే, చదువు వేరు, ఓపీలో నలభయ్యో పేషెంటు దగ్గర చెయ్యి చేసే పని వేరు. జబ్బు నిర్వచనం మారినట్టే డాక్టరు బుర్ర కూడా మెల్లగా మారుతుంది మరి. 1995 నాటి నిర్వచనంలో నీరు తగ్గడం, లేదా ఎక్కువగా ఆవిరవడం అనే ఉండేది. 2007లో ఉప్పు గాఢత, ఇన్‌ఫ్లమేషన్ అందులోకి వచ్చాయి. 2017లో కన్నీటి పొర సమతుల్యం తప్పడమే జబ్బు కీలకం అన్నారు. నా చెయ్యి ఆ రోజు ఇంకా 1995లోనే ఉన్నట్టుంది.

కన్నీటిలో ఎంఎంపీ-9 చూసే టెస్టు ఉంది, ఉప్పు గాఢత కొలిచే మిషనూ ఉంది, అది లీటరుకి 308 మిల్లీఆస్మోల్స్ దాటినా, రెండు కళ్ళ మధ్య తేడా 8 దాటినా అనుమానించాలి. మా క్లినిక్‌లో రెండూ లేవు. రంగు పట్టిన తీరు, స్టెరాయిడ్‌కి హాయి, ప్లగ్‌కి మంట, ఈ మూడూ చాలు అనుకున్నాను.

లోటెప్రెడ్నాల్ అనే స్టెరాయిడ్ 0.5% చుక్కలు రోజుకి నాలుగుసార్లు రెండు వారాలు, రెండుసార్లు ఇంకో రెండు వారాలు, అక్కడితో బంద్. దాంతోపాటే సైక్లోస్పోరిన్ 0.05% రోజుకి రెండుసార్లు. కిడ్నీ మార్పిడి వాళ్ళకిచ్చే మందే ఇది, కంటికి చుక్కల రూపంలో అమెరికాలో 2002 చివర్లో అనుమతి వచ్చింది. టి కణాల్లో కాల్సిన్యూరిన్ అనే ఎంజైముని ఆపి, ఐఎల్-2 తయారవకుండా చేస్తుంది, అంటే కొత్త టి కణాలు రెచ్చిపోయి పెరగడం తగ్గుతుంది. చిక్కేమిటంటే ఇది మూడు నెలలకి గానీ ఫలితం చూపదు, వేసుకోగానే చుర్రుమంటుంది. ఆ మూడు నెలలు దాటించే తాత్కాలిక వంతెనే స్టెరాయిడ్. వంతెన మీద కాపురం పెట్టకూడదు, ప్రెషర్ పెరిగి గ్లాకోమా రావచ్చు, శుక్లాలూ రావచ్చు. నాలుగో వారంలో ప్రెషర్ మళ్ళీ చూశాను, 17.

చుర్రుమనడం గురించి చెప్పానుగానీ, మెత్తగా చెప్పాను. మూడో వారంలో కూతురు ఫోన్ చేసింది: “అమ్మ ఆ రెండో సీసా ఆపేసిందండీ, కారం చల్లినట్టుందట.” మళ్ళీ పిలిపించి, ఫ్రిజ్‌లో చల్లబెట్టిన కన్నీటి చుక్కలు ముందు వేసుకుని, పది పదిహేను నిమిషాలాగి సైక్లోస్పోరిన్ వెయ్యమన్నాను. ఇంకో మాట కూడా: కంటి మీద సహజంగా ఉండే నీరు మొత్తం 7 మైక్రోలీటర్లకి అటూ ఇటూ, సీసాలోంచి పడే చుక్క 30 నుంచి 50. కాబట్టి రెండు మూడు చుక్కలు వేసుకుంటే మిగిలింది చెంపకే. ఒక్కటి చాలు. అప్పటిదాకా ఆవిడ మూడేసి వేసుకుంటోంది, డబ్బూ మందూ రెండూ పోయాయి.

మూడో నెల. ఆ పొద్దున ఆవిడ మొహంలోనే తేడా తెలిసింది. పొర 3 నుంచి 6 సెకన్లకి వచ్చింది, నల్లగుడ్డు మీద చుక్కలు సగం పైన పోయాయి. నేను సంతోషంగా షిర్మర్ పెట్టాను. కుడి 4, ఎడమ 3.

అర్థం కాలేదు. మంట తగ్గితే నీరు పెరగాలి, ఇదేంటి తగ్గింది? మొదటిసారి వచ్చిన 9, 8 అంకెల్లో గరగర వల్ల ఉబికిన నీరే ఎక్కువ అయి ఉంటుంది, మంట తగ్గేసరికి గ్రంథి అసలు శక్తి బయటపడింది. ఆలోచిస్తూ కూర్చుంటే ఆవిడ బ్యాగులోంచి నీళ్ళ సీసా తీసి ఒక గుక్క తాగింది. మాట్లాడుతూ ఇంకో గుక్క. అప్పుడు వెలిగింది నాకు, మొదటిరోజు కూడా ఆ సీసా ఆవిడ ఒళ్ళోనే ఉంది.

“నోరు ఆరుతుందా అమ్మా?” అంటే, “రెండేళ్ళయింది డాక్టర్ గారూ, నీళ్ళు లేకుండా ముద్ద దిగదు, షుగరేమోనని టెస్టు చేయించుకున్నా, లేదన్నారు” అంది. పళ్ళు? మూడు పుచ్చిపోతే రెండు పీకించేసిందట. వేళ్ళ కీళ్ళు? పొద్దున్నే బిగుసుకుంటాయి, కత్తెర పట్టడం కష్టం, అది కుట్టుపని వల్లేనని అనుకుంది. కళ్ళ డాక్టరుకి పళ్ళ సంగతి ఎవరు చెప్తారు, అడిగితే తప్ప. ఇది నా రెండో పొరపాటు. కంటి పొడిదనం, నోటి పొడిదనం, కీళ్ళ నొప్పులు కలిపి 1933లో వివరంగా రాసిన హెన్రిక్ షోగ్రెన్ స్వీడన్‌లో కంటి డాక్టరు. ఒక కంటి డాక్టరు పేరు మీద ఉన్న జబ్బుని ఇంకో కంటి డాక్టరు మూడు నెలలు ఎదురుగా పెట్టుకుని చూడలేకపోయాడు.

రక్తపరీక్షలో యాంటీ-రో, అంటే ఎస్ఎస్ఏ యాంటీబాడీ, పాజిటివ్. షోగ్రెన్ జబ్బుని తేల్చే 2016 నాటి లెక్క ప్రకారం దానికి 3 పాయింట్లు, షిర్మర్ 5 లేదా అంతకన్నా తక్కువైతే 1, కంటికి రంగు పట్టిన స్కోరు 5 లేదా అంతకన్నా ఎక్కువైతే 1. 4 వస్తే చాలు, ఆవిడకి 5. పెదవి బయాప్సీ అవసరం పడలేదు. రుమటాలజిస్టు (కీళ్ళ డాక్టరు) దగ్గరికి పంపాను, కీళ్ళ కోసం హైడ్రాక్సీక్లోరోక్విన్ మొదలుపెట్టారు, దానికి రెటీనా పరీక్షలు నేనే చూస్తున్నాను. చెవి కింద గ్రంథులు వాచి తగ్గకపోయినా, కారణం లేకుండా బరువు తగ్గినా వెంటనే రమ్మని చెప్పాం, ఈ జబ్బున్నవాళ్ళలో కొద్దిమందికి లింఫోమా అనే క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి. కూతురు ఆ మాటకి ఏడ్చింది. ఆవిడ ఏడవలేదు, “ఏడుద్దామన్నా నీళ్ళేవీ” అంది. నవ్వాలో లేదో తెలియలేదు నాకు.

నన్ను ఈ కేసులో ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే. మామూలు పొడి కంటిలో ముందు కన్నీటి పొర చెడుతుంది, ఆ తర్వాత ఇమ్యూన్ సమతుల్యం తప్పుతుంది. షోగ్రెన్‌లో టి కణాలూ బి కణాలూ ముందే కన్నీటి గ్రంథిలో చేరి దాన్ని తినేస్తాయి, నీరు తగ్గి పొర చెడుతుంది. ఆవిడకి రెండూ ఉన్నాయి. గ్రంథి లోపలినుంచి ఒకటి, ఫ్యాను, కుట్టుపని, డిటర్జెంటు చుక్కలు, రెప్పల నూనె పాడవడం బయటినుంచి ఇంకొకటి. స్లిట్ ల్యాంప్ (కళ్ళు చూసే మైక్రోస్కోపు) కింద చూస్తే రెండిటికీ తేడా కనబడదు, ఎరుపు ఎరుపే, చుక్కలు చుక్కలే. ఎక్కడ మొదలైనా చక్రం ఒకసారి తిరగడం మొదలెట్టాక కంటి మీద వాడే మందు దాదాపు ఒకటే. కానీ ఒంటికి కావలసిన మందు ఒకటి కాదు. నేను చక్రాన్ని ఆపుతూ, దాన్ని తిప్పుతున్న చేతిని చూడలేదు.

ఇప్పుడు పద్నాలుగో నెల. ఆరో నెలలో, రంగు పట్టడం బాగా తగ్గాక, మళ్ళీ ప్లగ్‌లు పెట్టాను, అవే సిలికాన్‌వి, అవే రంధ్రాలు. ఈసారి ఏ గొడవా లేదు, హాయిగా ఉందంది. పొర 7 సెకన్లు నిలుస్తోంది. షిర్మర్ 4 దగ్గరే ఆగింది, అది పెరుగుతుందని నేను ఆశపెట్టుకోలేదు, ఆవిడకీ పెట్టలేదు. సైక్లోస్పోరిన్ ఆపొచ్చా అని ప్రతిసారీ అడుగుతుంది, మధ్యలో ఒకసారి చెప్పకుండా ఆపి, ఐదు వారాలకి మళ్ళీ ఎర్రటి కళ్ళతో వచ్చింది. టీహెచ్17 కణాల్లో కొన్ని జ్ఞాపక కణాలుగా మిగిలిపోతాయి, కన్ను కాస్త ఎండగానే మళ్ళీ లేస్తాయి. ఈ సంగతి చెప్పాక అడగడం మానలేదుగానీ ఆపడం మానేసింది. గంటకోసారి మిషను ఆపి, పావు నిమిషం కళ్ళు మూసుకుని, గట్టిగా పదిసార్లు రెప్పలు ఆడిస్తోంది. పనికి అడ్డమని సణుగుతూనే చేస్తోంది.

ఎడమ కన్నులో కింది అంచున మాత్రం ఇంకా నాలుగైదు చుక్కలు పట్టుకుంటున్నాయి, అదీ పొద్దున పూట చూస్తేనే. రాత్రిళ్ళు ఆ రెప్ప పూర్తిగా మూతపడట్లేదేమోనని అనుమానం. నిద్రపోయాక ఫోన్లో ఫోటో తీసి పంపమని కూతురికి చెప్పాను, ఇంకా పంపలేదు.